గుర్తు తెలియని కారుకు పంచనామా

సాయంత్రం ఐదు గంటలకు హెడ్ కానిస్టేబుల్ షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒళ్లో అట్ట పెట్టుకుని శవ పంచనామా ఫారం తీశాడు. "మృతుని పేరు" అన్న చోట మృతుని అన్న మాట కొట్టేసి, పైన "కారు" అని రాశాడు. తరువాతి గడి తండ్రి పేరు. పెన్ను అక్కడ ఆగిపోయింది.

"దీని తండ్రి పేరేం రాయమంటారండీ?" అని నన్ను అడిగాడు.

ఆ సాయంత్రం అక్కడ తేలవలసింది సరిగ్గా అదే.

నా చేతిలో ఫోను ఉంది. అందులో ఇద్దరు ముసలివాళ్లు ఉన్నారు. ఒకాయన అర్జెంటీనాలో, మరొకాయన ఉరుగ్వేలో. వాళ్లకు పొద్దున్న ఎనిమిదిన్నర. ఇద్దరూ కాఫీ తాగుతూ మా జగ్గయ్యపేట షెడ్డును చూస్తున్నారు. షెడ్డు మధ్యలో కారు. ముక్కు కోసుగా, ఒళ్లు సన్నగా, సీటు ఒకటే. దాని చుట్టూ నలభై మంది జనం. కారు పక్కన షెడ్డు మేస్త్రీ చేతిలో లప్పం గీకే రేకు పట్టుకుని నిలబడ్డాడు. కారు ఎవరిదో ఆ సాయంత్రం తేలకపోతే మర్నాడు పొద్దున్నే క్రేను వచ్చి దాన్ని స్టేషన్ వెనక స్థలానికి ఎత్తుకుపోతుంది. అక్కడికి వెళ్లిన బండి తిరిగి రావడం నేను చూడలేదు. కొన్నాళ్లకు బానెట్టులోంచి సర్కారు తుమ్మ మొలుస్తుంది.

మేస్త్రీకి ఆ గతి పట్టించింది నేనే. నేను రాసిన పదకొండు పంక్తుల వార్త.

ఈ విలేకరి వృత్తిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు చదువుతారని రాస్తున్నాను కాబట్టి మొదటి నుంచి చెబుతాను.

జగ్గయ్యపేటలోనూ నందిగామలోనూ కలిపి నేను ముప్పై ఏళ్లకు పైగా ఒకే దినపత్రికకు విలేకరిగా పనిచేశాను. మిర్చి ధర, సిమెంటు లారీల ప్రమాదాలు, మున్సిపల్ కౌన్సిల్లో కుర్చీలు విసురుకోవడం, వేదాద్రి దగ్గర కృష్ణ నీటిమట్టం. వీటన్నిటికంటే ఎక్కువసార్లు రాసింది మాత్రం గుర్తు తెలియని మృతదేహం వార్త. ఒకవైపు హైవే, ఒకవైపు నది ఉన్న ప్రాంతంలో అది తప్పదు. దానికొక అచ్చు ఉంటుంది. వయసు, ఎత్తు, రంగు, ఒంటి మీది బట్టలు, పుట్టుమచ్చ, పాత గాయం. నన్ను నిద్రలో లేపి అడిగినా ఆ వరుస తప్పకుండా రాసేవాణ్ని. ఉద్యోగం చివరి ఏడాదికి వచ్చేసరికి నాకు ఎవరిని చూసినా అదే వరుసలో కనిపించేవారు. మా ఆవిడతో సహా.

ఆ ఏడాది లారీ బాడీలు కట్టే పని గురించి ఒక కథనం రాద్దామని ఊరి శివార్లలో ఉన్న పాత షెడ్డుకు వెళ్లాను. ఊళ్లో దాన్ని సాయిబు గారి షెడ్డు అంటారు. సాయిబు గారు పోయి చాలాకాలమైంది. ఇప్పుడు ఆయన కొడుకు నడుపుతున్నాడు. ఆయనకూ అరవై దగ్గర పడ్డాయి. అందరూ మేస్త్రీ అనే పిలుస్తారు. మాటల మధ్యలో ఒక మూల పట్టా కప్పి, పైన ఖాళీ గోతాలు పడేసిన పొడుగాటి వస్తువు కనిపించింది. పట్టా కొస ఎత్తి చూశాను.

"ఇదేంటి మేస్త్రీ, రాకెట్టా?"

"కారండి. రేసు కారు. మా నాన్న తెచ్చాడు. దక్షిణ అమెరికా నుంచి ఓడలో వచ్చిందని చెప్పేవాడు."

"సీటు ఒకటే ఉందే?"

"మా అమ్మా అదే అడిగేదండి. మరి నేనెక్కడ కూర్చోవాలయ్యా అని. నాన్న బతికున్నన్నాళ్లూ అడుగుతూనే ఉంది."

సాయిబు గారు కుర్రతనంలో మద్రాసు హార్బరులో ఫిట్టరుగా పనిచేశారట. కొన్నేళ్లకు తిరిగి వచ్చేటప్పుడు లారీ మీద ఈ వస్తువును ఎక్కించుకొచ్చారు. దక్షిణ అమెరికా అన్నారు. ఏ దేశమంటే చెప్పలేదు. కాగితం లేదు, నంబరు లేదు. ఊరు నమ్మలేదు. హార్బరులో ఏదో పుస్తకంలో బొమ్మ చూసి రేకులు కొట్టుకుని తయారుచేసి, ఓడ కథ చెబుతున్నాడని నవ్వింది.

"బళ్లో నన్ను ఓడ అబద్ధం కొడుకు అని ఏడిపించేవాళ్లండి" అన్నాడు మేస్త్రీ. "అది అక్కడిదేనని ఎవరన్నా ఒక్కరు చెబితే చాలు. నాకింకేం అక్కర్లా."

విజయవాడ డెస్కులో మా జిల్లా పేజీలు చూసే సబ్ ఎడిటర్‌కు రేసు కార్ల పిచ్చి. ఆయనకు ఫొటోలు పంపాను. రెండు రోజులు పేజీలు ఆలస్యం చేసి మరీ వెతికి, చివరికి ఇంటర్నెట్టులో ఒక గుంపును పట్టుకున్నాడు. పాత ఒంటి సీటు రేసు కార్లను, అందులోనూ దక్షిణ అమెరికావాటిని మాత్రమే, ఫొటో చూసి గుర్తుపట్టడం వాళ్ల పని. జీతం లేదు. అందరూ రిటైరైనవాళ్లే. మా ఫొటోలకు ఇద్దరు పలికారు. అర్జెంటీనా ఆయన పోస్ట్‌మ్యాన్‌గా చేసి మానేశాడు. ఉరుగ్వే ఆయన పళ్ల డాక్టరు. వాళ్లు వాళ్ల భాషలో రాస్తే ఫోను దాన్ని తెలుగు చేసేది. మొదటి ఉత్తరం "ఓ గౌరవనీయమైన వార్తాపత్రికా" అని మొదలైంది.

ఇక ప్రశ్నలు. చక్రానికి నట్లు ఎన్ని? పక్క రేకు మీద గాలి చీలికలు ఎన్ని? అవి ముందుకు వాలాయా, వెనక్కి వాలాయా? స్టీరింగు నట్టనడుమ ఉందా, జానెడు పక్కకు ఉందా? నేను టేపు పట్టుకుని కారు కింద పడుకుని కొలతలు చెబుతుంటే మేస్త్రీ రాసుకునేవాడు. మొత్తం మీద వాళ్లు చెప్పింది ఇది. వాళ్ల దేశాల్లో ఆ రోజుల్లో ఏ ఊరి మెకానిక్కు ఆ ఊళ్లోనే, పాత అమెరికన్ కారును కోసి, రేకులు కొట్టి, ఒంటి సీటు కారు చేసుకుని మట్టి రోడ్ల మీద పందేలకు దిగేవాడు. ఒకదానిలాగా ఇంకొకటి ఉండదు. కంపెనీ పేరు ఉండదు. అందుకే నట్లూ చీలికలూ లెక్కపెట్టి, ఎవరి చేతి పనో పోల్చుకోవాలి.

ఇది మేస్త్రీకి చెప్పాను. "అయితే అక్కడా మేస్త్రీలేనన్నమాట" అన్నాడు. ఆయన గొంతులో సంతోషం ఉందో దిగులు ఉందో నాకు అర్థం కాలేదు.

పోస్ట్‌మ్యాన్ ఇది మాదే అన్నాడు. డాక్టరు, ఆ ముక్కు మా దేశంలో తప్ప ఎక్కడా కొట్టరన్నాడు. "పళ్లు పీకేవాడికి ఇరుసుల సంగతి ఏమి తెలియును" అని పోస్ట్‌మ్యాన్ రాశాడు. "ఇతడు జీవితమంతా ఇతరుల ఉత్తరాలను తప్పు ఇంటిలో వేసెను" అని డాక్టరు జవాబిచ్చాడు. చివరికి ఇద్దరూ ఒక్క విషయం దగ్గర కలిశారు. అప్పట్లో దేశానికో రంగు ఉండేదట. అర్జెంటీనా అయితే నీలం ఒళ్లు, పసుపు బానెట్టు. ఉరుగ్వే అయితే లేత నీలం, మీద ఎర్ర పట్టీ. రంగు గీకితే తేలిపోతుందన్నారు. మేస్త్రీ ఒప్పుకోలేదు. "పైన పూత నాది. కింద ఎన్ని పూతలున్నాయో, అన్నీ మా నాన్న వేసినవండి. ఎట్టా గీకుతా?"

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. సాయిబు గారిని ఎరిగిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే వస్తారని చిన్న వార్త రాద్దామనుకున్నాను. కూర్చుని రాశాను. చెయ్యి తనకు తెలిసిన దారిలో పోయింది.

"గుర్తు తెలియని కారు. జగ్గయ్యపేట: పట్టణ శివారులోని ఒక షెడ్డులో గుర్తు తెలియని కారు ఉంది. వయసు అరవై నుంచి డెబ్బై ఏళ్ల మధ్య ఉంటుంది. పొడవు సుమారు పన్నెండు అడుగులు. సన్నని శరీరం, కోసు ముక్కు. ఒంటిపై బూడిద రంగు. ఎడమ పక్క పాత గాయం ఉంది..." ఇలా సాగింది. చివర మేస్త్రీ షెడ్డుకు వచ్చి చెప్పండని రాశాను.

నా వార్తలో తప్పు లేదు. నవ్వు పుట్టించే వార్త రాశానని నేను ఆ రాత్రి హాయిగా పడుకున్నాను కూడా. సబ్ ఎడిటర్ దాన్ని పేజీలో పెట్టేటప్పుడు ఒక పంక్తి మారింది. ఆయన చెయ్యీ నా చెయ్యిలాంటిదే. "గుర్తు తెలియని" అని మొదలైన వార్త చివరి పంక్తి చూడకుండా కొట్టేసి, "ఆచూకీ తెలిసినవారు పోలీస్ స్టేషన్‌లో సంప్రదించాలి" అని చేర్చాడు. పొద్దున్న పేపరు తెరిస్తే నా కారు రెండు నిజమైన మృతదేహాల మధ్య పడుకుని ఉంది.

స్టేషన్ పేరు చెప్పను. మధ్యాహ్నానికి వాళ్ల ఫోను వేడెక్కిపోయింది. ఒకావిడ నందిగామ నుంచి చేసి, "మా ఆయన కాదు గదండీ?" అని అడిగిందట. కాదమ్మా, కారు అని చెబితే, "ఆయనా డ్రైవరేనండీ" అందట. సాయంత్రానికి ఇద్దరు స్వయంగా వచ్చారు. ఒకాయన వీరులపాడు రైతు. అది మా తాతగారి కారు, మా ఇంటి పెళ్లికి వచ్చిందన్నాడు. ఇంకొకాయన ఒకప్పుడు సర్పంచి ఎన్నికల్లో విమానం గుర్తు మీద నిలబడి ఓడినాయన. అది నా ప్రచార విమానం, షెడ్డులో వదిలేశానన్నాడు. ఇద్దరూ కాగితం మీద రాసిచ్చారు.

రాసిచ్చాక స్టేషన్‌వాళ్లు ఊరుకోవడానికి వీల్లేదు. మర్నాడు హెడ్ కానిస్టేబుల్ మా ఇంటికొచ్చాడు.

"ఏవండీ విలేకరి గారూ, ఇదేం పనండీ? డైరీలో ఎక్కింది. ఎక్కిందంటే దానికో ముగింపు ఉండాలి. ఎవరిదో తేల్తే ఇచ్చేస్తాం. తేలకపోతే మా స్థలానికి తోలుకుపోవాల్సిందే."

"అది మేస్త్రీదేనండీ. వాళ్ల నాన్న తెచ్చాడు."

"ఆర్సీ ఉందా? లేదు. ఇన్సూరెన్సా? లేదు. పేరన్నా ఉందా దానికి? మీరే రాశారుగా, గుర్తు తెలియనిదని. పేపర్లో పడింది కాదంటానా నేను?"

మేస్త్రీకి ఈ సంగతి చెప్పడానికి వెళ్లినప్పుడు ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. స్టూలు తుడిచి కూర్చోమన్నాడు. టీ తెప్పించాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"రంగు గీకుదాం లెండి" అన్నాడు కాసేపటికి. "ఎత్తుకుపోవడం కంటే నయం గదా."

అలా ఆ సాయంత్రం వచ్చింది. కారును పరిశీలించడానికి స్టేషన్‌లో ఫారం లేదు. ఉన్నవాటిలో శవ పంచనామా ఫారమే దగ్గరగా ఉందని హెడ్ కానిస్టేబుల్ తెచ్చాడు. నిజం చెప్పాలంటే బాగానే సరిపోయింది. తండ్రి పేరు గడిలో చిన్న గీత గీసి ముందుకు పోయాడు. ఎత్తు, రంగు, గాయాలు చకచకా నిండాయి. "చివరిసారి ప్రాణాలతో చూసినవారు" దగ్గర మళ్లీ ఆగాడు.

"ఇది నడవగా చూసినోళ్లు ఎవరన్నా ఉన్నారా?"

జనంలోంచి ఒక ముసలి లారీ డ్రైవరు చెయ్యెత్తాడు. "నే చూశానయ్యా. సాయిబు గారు కళ్లద్దాలు పెట్టుకుని నందిగామ దాకా తోలాడు. అబ్బో, ఏం పోయిందిలే! కుక్కలు కూడా వెంటపళ్లా."

"వచ్చేటప్పుడో?"

"వచ్చేటప్పుడు ఎడ్లబండి మీదొచ్చింది."

అది కూడా రాసుకున్నాడు. తరువాత పెన్ను మూసి, జనం వైపు తిరిగి తీర్పు విధానం ప్రకటించాడు. "చూడండి. ముగ్గురు మనుషులు మాదంటే మాదంటున్నారు. కాగితం ఎవరి దగ్గరా లేదు. పైనుంచి గీకుతాం. అన్నిటికంటే అడుగున ఎవరి రంగు ఉంటే కారు వాళ్లది. ఏవంటారు?"

అందరూ సరేనన్నారు. నేను ఫోనుకు చెప్పాను. ఫోను వాళ్లకు చెప్పింది. "ఈ అధికారి మహా జ్ఞాని" అని పోస్ట్‌మ్యాన్ నుంచి వచ్చింది.

మేస్త్రీ గీకడం మొదలుపెట్టాడు. బూడిద రంగు పోయింది. కింద వెండి రంగు మెరిసింది. విమానం గుర్తాయన జనాన్ని తోసుకొచ్చాడు.

"అదుగో నా రంగు! రెక్కలు బిగించిన బెజ్జాలు చూడండి! డిపాజిట్టు ఎట్టాగూ పోయింది, కారన్నా ఇవ్వండయ్యా!"

"ఆగవయ్యా బాబూ, ఇంకా అడుగు రాలా" అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

వెండి కింద మీగడ రంగు వచ్చింది. వీరులపాడు రైతు మీసం దువ్వుకున్నాడు. "మా మేనత్త పెళ్లి. మా మామయ్యని దీంట్లోనే ఊరేగించారు."

"మరి పెళ్లికూతురో?" అన్నారెవరో.

"సీటేదయ్యా? వెనక జీపులో వచ్చింది."

"అయితే తాతగారు కొన్నట్టా, అద్దెకు తెచ్చినట్టా?" అని డ్రైవరు అడిగాడు. రైతు వినిపించుకోలేదు.

మేస్త్రీ ఇంకా గీకాడు. ఆయన చెయ్యి నెమ్మదించింది. మీగడ రంగు పొట్టులా రాలింది. దాని కింద నీలం. ఫోనులో ఇద్దరూ కప్పులు కింద పెట్టేశారు. బానెట్టు దగ్గరకు వచ్చాడు. వేలెడు మేర గీకాడు. పసుపు.

దాని కింద ఇక రేకే.

పోస్ట్‌మ్యాన్ లేచి నిలబడ్డాడు. ఏదో పాట ఎత్తుకున్నాడు. ఆయన కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, అది వెలిసిన ఎరుపు కూడా కావచ్చునన్నాడు. నేను మేస్త్రీ భుజం పట్టుకుని, "అర్జెంటీనా రంగు మేస్త్రీ! మీ నాన్న చెప్పింది నిజమే!" అని అరిచాను. సరిగ్గా అదే క్షణంలో లారీ డ్రైవరు నాకంటే గట్టిగా అరిచాడు.

"ఓర్నీ! ఇది సాయిబు గారి రంగే కదరా!"

షెడ్డు ఘొల్లుమంది. వయసు మళ్లినవాళ్లందరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. షెడ్డు పెట్టిన కొత్తల్లో, మేస్త్రీకి ఊహ తెలియకముందు, అక్కడ బాడీ కట్టిన ప్రతి లారీ నీలం ఒళ్లు, పసుపు ముక్కుతోనే బయటికొచ్చేదట. "మా ఓనరు ఆకుపచ్చ రంగు వెయ్యమని మొత్తుకున్నాడు. వింటేగా?" అన్నాడు డ్రైవరు. "నీలం కొట్టి, మూతికి పసుపు కొట్టి, పొండి అన్నాడు."

హెడ్ కానిస్టేబుల్‌కు అది చాలు. అడుగున ఉన్నది షెడ్డు రంగు. కారు షెడ్డుది. ఫారంలో చివరి గడి, పంచాయతీదారుల అభిప్రాయం. అక్కడ ఆయన రాసింది నా నోట్‌బుక్కులో ఎక్కించుకున్నాను: "మరణము సహజము. ఎవరిపైనా అనుమానము లేదు. కారును షెడ్డు మేస్త్రీకి అప్పగించడమైనది." విమానం గుర్తాయనా రైతూ సాక్షి సంతకాలు చేసి, ఇద్దరూ ఒకే మోటారు సైకిలు మీద వెళ్లిపోయారు.

మేస్త్రీ కింద కూర్చుండిపోయాడు. కారు దక్కింది. నేను మాత్రం ఫోనుకు సంజాయిషీ చెప్పవలసి వచ్చింది. డ్రైవరు అన్నది వివరించాను. పోస్ట్‌మ్యాన్ పాట ఆపాడు. ఒకే ప్రశ్న అడిగాడు. కారు రాకముందు ఆయన లారీలకు ఏ రంగు వేసేవాడు?

డ్రైవరును అడిగాను.

"రాకముందేంటండీ? కారూ షెడ్డూ ఒకే ఏడు వచ్చినయ్."

కాబట్టి కారును చూసి లారీలకు ఆ రంగు వేశారో, లారీల రంగే కారుకూ వేశారో చెప్పగలిగినవాళ్లు ఎవరూ మిగల్లేదు.

మర్నాడు సవరణ రాశాను. సబ్ ఎడిటర్ దాన్ని రెండు పంక్తులకు కత్తిరించి, చివర పోలీస్ స్టేషన్ మాట లేకుండా నాలుగుసార్లు చూసుకుని వేశానని ఫోను చేశాడు. ఆయన మంచివాడు. మేమిద్దరం కలిసి ఎన్నో వేల మందిని ఆ అచ్చులో పోసి వాళ్ల ఇళ్లవాళ్లకు చేర్చాం. కొందరిని చేర్చలేకపోయాం. ఆ వరుస మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉంది. పంపించే ముందు దేని గురించి రాస్తున్నారో మాత్రం ఒకసారి తలెత్తి చూడండి. నేను మీకు చెప్పగలిగింది అంతే.

నెల తిరిగేసరికి పోస్ట్‌మ్యాన్ దగ్గర్నుంచి ఉత్తరం. వాళ్ల ఊరి వైపు మేస్త్రీలు సీటు కింద అడ్డ కమ్మీ మీద సుత్తితో ఒక అంకె కొట్టేవారట. పాత పందేల పుస్తకాల్లో ఆ అంకెలున్నాయి. అంకె ఉంటే కారు ఎవరిదో, ఏ ఊరిదో చెప్పేస్తానన్నాడు. లేకపోతే అది అక్కడిది కాదు, అంతే. ఈసారి డాక్టరు కూడా అవునన్నాడు.

మేస్త్రీ, నేను కలిసి సీటు విప్పాం. అడ్డ కమ్మీ ఉంది. వాళ్లు చెప్పిన చోట సరిగ్గా జానెడు పొడవు ఇనుప పట్టీ వేసి, నాలుగు వైపులా వెల్డింగు చేసి ఉంది. వెల్డింగు చేపపొలుసుల్లా వరసగా ఉంది. అది ఎవరి చేతి పనో మేస్త్రీ నాకు చెప్పనక్కర్లేకపోయింది. ఆయన వేలితో దాన్ని ఒక కొస నుంచి ఇంకో కొసకు తడిమాడు. లేచి గ్రైండర్ తెచ్చాడు. ప్లగ్గు పెట్టాడు. చక్రం తిరిగింది. పట్టీ దాకా తెచ్చి, ఆపేశాడు.

"మా నాన్న వేసిన వెల్డింగు ఇన్నేళ్లలో ఒక్కటన్నా ఊడిందని ఎవరూ షెడ్డుకు రాలేదండి. మొదటిది నేను ఊడదీయనా?"

"అంకె ఉంటే ఓడ మాట నిజమని తేలుద్ది కదా మేస్త్రీ. అదొక్కటే కావాలన్నావు."

"లేకపోతేనో?"

"లేకపోతే ఇదంతా మీ నాన్న చేత్తో చేసినట్టు."

"అదీ తక్కువేం కాదు గదండీ" అన్నాడు. గ్రైండర్ వైరు చుట్టి మేకుకు తగిలించాడు. సీటు మళ్లీ బిగించాడు.

పోస్ట్‌మ్యాన్ నెలకోసారి రాస్తాడు. కోశారా అని ఒక్కటే ప్రశ్న. ఇంకా లేదని నేను జవాబిస్తాను. పట్టీ అలాగే ఉంది. అది పగులుకు వేసిన అతుకో, అంకెకు వేసిన మూతో ఈ రోజు వరకు తెలియదు.